ఎయిర్‌పోర్టు కొట్లో ప్రస్థానం

ముందు మా అత్తగారి గొంతు గురించి చెప్పాలి. ధవళేశ్వరంలో మా ఇల్లు కాలవగట్టుకి ఆనుకుని ఉండేది. ఆవిడ పెరట్లో నిలబడి ఒక్క కేక వేస్తే, అవతలి గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే పాలతను బ్రేకు వేసి దిగేవాడు. మా ఇంటికి ఫోను అంత ఆలస్యంగా రావడానికి కారణం ఆ గొంతేనని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఆ గొంతు నన్ను పదిహేనేళ్ళు పిలిచింది. నాది ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. రోజంతా ఫైళ్ళతో వేగి ఇంటికొచ్చి, ఇంకా చెప్పులు విడవకముందే లోపల్నుంచి "అమ్మాయ్!" అని వినబడేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ నోరు కాసేపు మూతపడితే ఎంత బాగుండునో అని లోలోపల ఎన్నిసార్లు అనుకున్నానో. పైకి ఎప్పుడూ అనలేదు. అనకపోతేనేం, అనుకున్నాను కదా.

ఒక ఎండాకాలం చివర్లో ఆ గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, కరక్కాయ, తేనె, ఉప్పునీళ్ళు అన్నీ అయ్యాయి. మూడు నెలలైనా తగ్గకపోతే రాజమండ్రిలో చూపించాం. లోపల కంతి ఉందన్నారు, హైదరాబాదు వెళ్ళమన్నారు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, ఆపరేషన్ తప్పదని తేల్చారు. ఆలస్యం చేయకపోతే ప్రాణానికి భయం లేదు, గొంతు సంగతి మాత్రం లోపల చూశాక గానీ చెప్పలేనన్నారు డాక్టరుగారు. ఈ రెండో మాట మా ఆయనా నేనూ ఆవిడ దగ్గర దాచాం. ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులు మాట్లాడకూడదట అని మాత్రం చెప్పాం. ఆవిడ "పదిహేను రోజులే! నీకు పండగే" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాతి కబురు ఒక సోమవారం పొద్దున్నే వచ్చింది. మా ఆయన ముందే హైదరాబాదు వెళ్ళి ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు. బుధవారం పొద్దున ఒక ఖాళీ దొరికిందనీ, మంగళవారం సాయంత్రానికల్లా ఆవిణ్ణి చేర్పించాలనీ ఫోను చేశారు. అది దాటితే డాక్టరుగారు నెల్లాళ్ళు దేశంలో ఉండరట. ఇలాంటివి నెల్లాళ్ళు ఆగవని ఎవరూ నాకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. రాత్రి రైలుకి టికెట్లు లేవు. బస్సు కుదుపులకి ఆవిడకి దగ్గు తెర వస్తే ఆగదు. మధురపూడి నుంచి హైదరాబాదుకి చిన్న విమానం తిరగడం మొదలైన కొత్త రోజులవి. మంగళవారం నాలుగింటి విమానానికి ఇద్దరికీ టికెట్లు తీశారు. మాలో ఎవరమూ అప్పటికి విమానం ఎక్కలేదు.

విమానం అంటే ఆవిడ బెదరలేదు. బెదిరింది మంగళవారానికి.

"మంగళవారం పూట గొంతు కోయించుకోడానికి బయల్దేరమంటావా?" అన్నారు, ఆ బొంగురు గొంతుతోనే.

"కోసేది బుధవారమండి" అన్నాను.

ఆవిడ నాకేసి ఓ చూపు చూసి, పంచాంగం తీసుకుని కూర్చున్నారు. ఓ గంట తర్వాత ఉపాయం తేలింది. ప్రస్థానం పెట్టాలట. మంచిరోజు కానప్పుడు తప్పనిసరై బయల్దేరాల్సి వస్తే, ముందురోజే మంచి వేళ చూసి, ప్రయాణపు సామానులో ఒకటి తీసుకెళ్ళి పక్కింట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం ఆ వేళకే మొదలైపోయినట్టు లెక్క. మనిషి ఇంట్లోనే ఉన్నా ప్రయాణం పక్కింట్లో ఉంటుంది. మర్నాడు వెళ్తూ వెళ్తూ ఆ సంచీ అందుకుని అటునుంచి అటే వెళ్ళిపోవాలి. తిరిగి మన గడపలోకి తేకూడదు. అలా చేస్తే ఇంక ఏ వారమైనా, ఏ వర్జ్యమైనా అంటదు.

సోమవారం సాయంత్రం ఆవిడే స్వయంగా ఓ సంచీ సర్దుకున్నారు. టూత్ బ్రష్షు, నాలికబద్ద, దువ్వెన, కొబ్బరినూనె సీసా, పౌడరు డబ్బా, రెండు తువ్వాళ్ళు, చదువుకునే కళ్ళజోడు. నన్ను వెంటబెట్టుకుని పక్కింటి పిన్నిగారి హాల్లో, దేవుడి గూటి కింద పెట్టి వచ్చారు. నేను దారిపొడుగునా వేళాకోళం ఆడుతూనే ఉన్నాను. "సంచీ హాయిగా ప్రయాణం చేస్తోంది, మనకే టికెట్లు దండగ" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. గొంతు దాచుకుంటున్నారు కాబోలు.

మంగళవారం మధ్యాహ్నం కారు వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, నేను తాళం కప్పలు లాగి చూస్తున్నాను, రిపోర్టుల కవరు ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాను. పిన్నిగారు మంచి శకునంగా ఎదురొస్తానని చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. ఆవిడ ఎదురు రాగానే అత్తగారు ఆ చెంబులో నీళ్ళు కళ్ళకద్దుకుని కారెక్కారు. నేనూ ఎక్కాను. సంచీ నేను తెచ్చానని అత్తగారు, ఆవిడ పట్టుకున్నారని నేను అనుకున్నాం. పిన్నిగారేమో శకునం పనిలో ఉన్నారు. కారు కదిలింది.

ఊరు దాటి, రాజమండ్రి ట్రాఫిక్కులో ఈదుకుంటూ ఎయిర్‌పోర్టు చేరేసరికి రెండున్నర. పెద్ద పెట్టె కౌంటర్లో ఇచ్చేసి కాగితాలు తీసుకున్నాం. ఓ వరస కుర్చీల్లో కూలబడ్డాం. హాలు పెద్దదేం కాదు, ఓ కల్యాణమండపమంత ఉంటుంది. కాగితం మీద ఏం రాసుందో చూడాలనిపించి ఆవిడ చెయ్యి చాపారు.

"నా సంచీ ఇలా ఇయ్యి. కళ్ళజోడు అందులో ఉంది."

నా చేతిలో రిపోర్టుల కవరే ఉంది. ఆవిడ నా మొహం చూశారు. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను పిన్నిగారికి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తారు, పక్కనే కాచుకుని ఉన్నట్టు.

"అయ్యో రామ! మీ కారు మలుపు తిరక్కముందే గుర్తొచ్చిందమ్మా. కేకేద్దామని నోటిదాకా వచ్చింది. ప్రయాణమై పోతున్నవాళ్ళని వెనకనుంచి ఎలా పిలవనూ? అందులోనూ ఆపరేషన్‌కి వెళ్తున్న మనిషిని!"

"పోనీ ఫోనైనా చెయ్యకపోయారా పిన్నిగారూ?"

"ఫోనైతే మాత్రం? అదీ వెనకనుంచి పిలిచినట్టే కదమ్మా?"

సంచీ తెచ్చే మనిషి ఆ ఇంట్లో లేరు. ఎవరినైనా బతిమాలి పంపినా గంట పైన పడుతుంది. మా చేతిలో గంట లేదు. ఫోను పెట్టేసి వచ్చి జరిగింది చెప్పాను. పోనీలెండి, సంచీలో ఉన్నవన్నీ ఎక్కడైనా దొరికేవే, హైదరాబాదులో కొందాం అన్నాను.

"వస్తువుల మాట కాదే" అన్నారు ఆవిడ. "ప్రయాణం ఇంటిదగ్గరే ఉండిపోయింది. ఇంక నేనెక్కడికి వస్తాను? పెట్టె వెనక్కి ఇప్పించు. పోదాం."

మొదట బతిమాలాను. వినలేదు. తర్వాత కోపం వచ్చింది. "కంతికి పంచాంగం తెలీదండి అత్తయ్యగారూ" అన్నాను, కొంచెం గట్టిగానే. పక్క కుర్చీల్లో వాళ్ళు ఇటు తిరిగారు. ఆవిడ చీరకొంగు భుజం చుట్టూ లాక్కుని, నేల చూస్తూ కూర్చున్నారు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులంతా వచ్చి చెప్పినా, ఆవిడ మా వీధి అరుగు మీద ఇలాగే కూర్చుని పంతం నెగ్గించుకున్నారు. మా ఆయనకి ఫోను చేశాను. "ఎలాగోలా ఎక్కించు. నీకు దణ్ణం పెడతాను" అన్నారు. ఆ మాటతో నా భయం రెట్టింపయింది తప్ప ఉపాయం రాలేదు.

నాకు ఒకచోట కాలు నిలవలేదు. గడియారం కింద దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. మూడు కావస్తోంది. అద్దాల అవతల ఖాళీ మైదానం, ఎండలో గడ్డి. విమానం ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని ఓ క్షణం, ఇప్పుడే వచ్చేస్తే బాగుండునని ఓ క్షణం. అలా తిరుగుతూ తిరుగుతూ ఓ మూల ఉన్న కొట్టు ముందు ఆగాను. కొట్టంటే ఓ బల్ల, దాని వెనక గాజు అలమార, పైన వేలాడే పిల్లల బొమ్మలు. తల్లో కనకాంబరాలు పెట్టుకున్న నలభయ్యేళ్ళావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. గోడకి తెలుగు క్యాలెండరు.

కొనాలని ఆగలేదు. చేతులకి ఏదో ఒక పని కావలసి వచ్చి కొనడం మొదలుపెట్టాను. బ్రష్షు ఇమ్మన్నాను. పేస్టు ఇమ్మన్నాను. చిన్న సబ్బు, పౌడరు డబ్బా, కొబ్బరినూనె, తెల్ల తువ్వాలు. దువ్వెన ఎర్రదీ నల్లదీ చూపిస్తే రెండిట్లో ఏది కావాలో తేల్చుకోలేక నిలబడిపోయాను. దువ్వెన రంగుకి అంతసేపు ఆలోచించిన మనిషిని ఆ కొట్టావిడ అంతకుముందు చూసి ఉండదు.

అంతలో వెనకనుంచి వినబడింది.

"అమ్మాయ్!"

బొంగురుగా, చీలిపోతూ, అయినా హాలు దాటి వచ్చింది. అందరూ తలెత్తారు. నేను పరుగున వెళ్ళాను. వెళ్ళేసరికి ఆవిడ దగ్గు తెరలో ఉన్నారు. తగ్గాక మెల్లగా అన్నారు.

"అవన్నీ ఎందుకు కొంటున్నావే? నేను రానన్నాను కదా. కొంటే కొన్నావు, ఆ నల్ల దువ్వెన వద్దు. దాని పళ్ళు దగ్గర. నా జుట్టుకి పనికిరాదు."

ఊరుకోలేకపోయారు, అంతే. ఇంటికి పోదామన్న మనిషికి దువ్వెన పళ్ళతో పనేమిటి? నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వెనక్కి కొట్టు దగ్గరికి నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆవిడకి రావాలనే ఉంది. వచ్చే దారే మూసుకుపోయింది. ఆ దారిని నా వాదనలు తెరవలేవు.

కొట్టావిడతో ఉన్న సంగతి చెప్పాను. ప్రస్థానం అన్న మాట పూర్తిగా అనకముందే ఆవిడకి అర్థమైంది.

"సంచీ మరిచిపోయారాండి! అమ్మో! మా అమ్మగారైతే ఇలాంటిదానికి పెళ్ళి ప్రయాణమే ఆపేశారండి. మాది కోరుకొండలెండి. మా ఇళ్ళల్లోనూ ఉంది ఈ ప్రస్థానం."

"మీరొక సాయం చెయ్యాలి" అన్నాను. "ఈ కాసేపూ మీ కొట్టే మా పక్కిల్లు."

ఆవిడ అలమారలోంచి గోదావరి వంతెన బొమ్మ వేసిన గుడ్డసంచీ ఒకటి తీసింది. కొన్నవన్నీ అందులో సర్దింది. ఎర్ర దువ్వెనే వేసింది. పైన వేలాడుతున్న బొమ్మల్లో ఓ పలక నా కంట పడింది. దాని మీద పుల్లతో రాసి, పైనున్న ప్లాస్టిక్ రేకు ఎత్తితే రాసిందంతా చెరిగిపోతుంది. అది కూడా ఇమ్మన్నాను. తువ్వాలు కిందకి, అత్తగారికి కనబడకుండా తోశాను.

అత్తగారిని చెయ్యి పట్టుకుని కొట్టు దగ్గరికి తీసుకొచ్చాను.

"ఇదుగోనండి, మళ్ళీ ప్రస్థానం పెడుతున్నాం. ఈవిడ మన పక్కింటావిడ. సంచీ ఈవిడ దగ్గర ఉంచుదాం. తర్వాత ఇక్కణ్ణుంచి ఇటే లోపలికి వెళ్ళిపోదాం."

"వేళ చూడొద్దూ?" అన్నారు.

"అయ్యో, చూశానండి" అంటూ క్యాలెండరు వైపు తిరిగాను. ఆ రోజు గడిలో చీమల్లాంటి అక్షరాలు ఏవో ఉన్నాయి. నేను వాటిని చదవలేదు. చదివితే ఏముంటుందోనని భయం. గడియారం చూశాను. మూడుంపావు. "మూడుంపావు నుంచి మూడున్నర దాకా అమృత ఘడియలని రాసుందండి. సరిగ్గా ఇప్పుడే."

కొట్టావిడ క్యాలెండరు వైపు చూసింది. నా వైపు చూసింది. ఏదో అనబోయి, మానుకుని, మా అత్తగారి వైపు రెండు చేతులూ చాపింది.

"ఇలా ఇవ్వండమ్మా. మా ఇల్లనుకోండి."

అత్తగారు క్యాలెండరు వైపు కళ్ళు చికిలించి చూశారు. కళ్ళజోడు లేదు. తర్వాత సంచీ అందుకోబోతూ నాకేసి చూశారు, చాలాసేపు. సంచీ నా చేతుల్లోనే ఉంది. నేను అందించాను. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, ఏదో గొణుక్కుని, కొట్టావిడ చేతుల్లో పెట్టారు. కొట్టావిడ అలమారలో వినాయకుడి బొమ్మ ముందు ఉంచింది.

ఆ పదిహేను నిమిషాలూ నాకు యుగాల్లా గడిచాయి. విమానం దిగింది. జనం లేచి వరస కట్టారు. మైకులో పిలిచారు. ఆవిడ మాత్రం తాపీగా ఓ స్టూలు మీద కూర్చుని కొట్టావిడతో కోరుకొండ తీర్థం గురించి మాట్లాడారు. ఎప్పుడో చిన్నప్పుడు బండి కట్టుకుని వెళ్ళారట, ఎద్దు బెదిరి కాలవలోకి దిగిందట. బొంగురు గొంతుతో, ఆగి ఆగి, చివరిదాకా చెప్పారు. నేను కాలు కాలిన పిల్లిలా కొట్టు ముందు తిరుగుతూ, వినీ వినకుండా, మధ్యలో రెండుసార్లు "మాట్లాడకండి, గొంతుకి మంచిది కాదు" అన్నాను. ఆ కథలో ఎద్దు బయటికి ఎలా వచ్చిందో నేను వినలేదు. అది ఈ రోజుకీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

మూడున్నరకి కొట్టావిడ సంచీ తెచ్చి ఇచ్చింది. "వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండమ్మా" అంది. ఆవిడ వెళ్ళొస్తానన్నారు. వెనక్కి చూడలేదు. పోలీసుల తనిఖీ దాటి, ఎండలో నడిచి, మెట్లెక్కి, కిటికీ పక్కన కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. విమానం లేస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కింద గోదావరి కనబడగానే వదిలేసి, రెండు చేతులూ జోడించారు.

బుధవారం ఆపరేషన్ అయింది. కంతి పూర్తిగా తీసేశారు, వ్యాధి పాకలేదు, సమయానికి తెచ్చారు అన్నారు డాక్టరుగారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ రెండో సంగతి చెప్పారు. గొంతు మిగల్లేదు. మా ఆయన వరండాలో గోడకి తిరిగి నిలబడ్డారు. ఆ సంగతి ఆవిడకి చెప్పే పని నా మీద పడింది. నాలుగో రోజు చెబుదామని వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. గుడ్డసంచీలోంచి పలక తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూసి, తల ఊపారు. పలక ఎందుకు కొన్నానో ఆవిడకి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఏడవకూడదని నేను గబగబా ఏదో ఒకటి మాట్లాడాను. పిన్నిగారు సంచీ బస్సులో పంపుతానన్నారని, మన ప్రస్థానం మాత్రం భలే ఫలించిందని, అమృత ఘడియలు ఊరికే పోలేదని, ఇంక ఎప్పుడూ వేళాకోళం చేయనని. ఆవిడ వింటూ పుల్ల అందుకున్నారు. కళ్ళజోడు లేకపోవడంతో పెద్ద పెద్ద అక్షరాలు రాశారు.

"మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం."

ఆవిడకి కళ్ళజోడు లేదు గానీ వారాలూ రాహుకాలాలూ కంఠస్థం. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, ఆ మాత్రం గుర్తు రాలేదు. ఆవిడ లెక్కలో రాహుకాలంలో ప్రస్థానం పెట్టడమంటే, అసలు పెట్టకపోవడం కంటే చెడ్డది. అన్నీ తెలిసి, ఆ సంచీ కళ్ళకద్దుకుని, విమానం ఎక్కారు.

ఆ నోరు మూతపడితే బాగుండునని అనుకున్న సంగతి ఆ క్షణంలోనే చెప్పేసి, కాళ్ళు పట్టుకుందామనిపించింది. చెప్పలేదు. ఒక్కటి మాత్రం అడిగాను.

"తెలిసీ ఎందుకొచ్చారండీ?"

ఆవిడ రేకు ఎత్తారు. రాహుకాలం చెరిగిపోయింది. మళ్ళీ రాశారు.

"సంచీ ఇస్తుంటే నీ చేతులు వణికాయి. పోనీలే అనుకున్నాను."

తలుపు దగ్గర మా ఆయన అడుగుల చప్పుడు వినబడింది. ఆయన లోపలికి వచ్చేలోపే ఆవిడ రేకు ఎత్తేశారు.